వైద్యం చేస్తూ పుస్తకం రాసేవారికి హనుమకొండలో ఒక ముద్రణ కేంద్రం: సమీక్ష

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో, పెళ్లిపత్రికలూ కరపత్రాలూ బడి డైరీలూ అచ్చువేసే దుకాణాల మధ్య, పుస్తకాల పని కూడా పట్టే ఒక డీటీపీ, ముద్రణ కేంద్రం ఉంది. జనరల్ ఫిజీషియన్‌గా క్లినిక్ నడుపుకుంటూ నేను రాసిన పుస్తకం అక్కడే అచ్చయింది. రాతప్రతి అప్పగించిన నాటి నుంచి ప్రతుల కట్టలు చేతికి అందేదాకా ఆ కేంద్రం వల్ల కలిగిన మేలునూ, ఎదురైన ఇబ్బందినీ ఇక్కడ రాస్తున్నాను. ఒక దుకాణానికి గిరాకీ పెంచడం నా ఉద్దేశం కాదు కనుక దాని పేరు రాయడం లేదు. వృత్తి వదలకుండా కాల్పనికేతర పుస్తకాలు రాయాలని కోరిక ఉన్న తోటి వైద్యులు చాలామంది నాకు తెలుసు. ఇలాంటి సేవను దేనితో తూచాలో వారికి ఉపయోగపడేలా చెప్పాలని ఈ ప్రయత్నం.

నా తూకం ఏమిటో ముందే చెబుతాను. అట్ట అందం, కాగితం నునుపు, ధర ఇవన్నీ చూడవలసినవే. అయితే వైద్యుడి పుస్తకానికి అన్నిటికంటే ముందు కావలసింది, రోగి ప్రాణానికి సంబంధించిన ప్రతి అంకెనూ, రోగి పరువుకు సంబంధించిన ప్రతి వివరాన్నీ అనుమానంతో చదివే మనిషి. పగలంతా ఓపీలో కూర్చుని, రాత్రి అలసిన కళ్లతో ప్రూఫు దిద్దే రచయిత ఆ పని ఒక్కడే చేయలేడు. తాను రాసినదాన్ని తాను చదివేటప్పుడు కాగితం మీద ఉన్నది కాకుండా మనసులో ఉన్నదే కనబడుతుంది. ఆ రెండో మనిషి ఈ కేంద్రంలో ఉన్నారు. ఈ సమీక్ష మొత్తానికి మూలం అదే.

పుస్తకం విషయం కొంత చెప్పాలి. పాము కాటు, వడదెబ్బ, వాంతులు విరేచనాలు, పురుగుమందు తాగడం, గుండెపోటు, పక్షవాతం వంటి ఆపదల్లో, 108 బండి వచ్చి ఆసుపత్రికి చేర్చేలోపు ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే అందులోని విషయం. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి వైపుల నుంచి రోగిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకువచ్చేటప్పుడు దారిలో గడిచిపోయే సమయమే చాలాసార్లు ఫలితాన్ని నిర్ణయిస్తుంది. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆ సంగతి తెలియని కుటుంబం నాటువైద్యుడి ఇంటి ముందు సగం రోజు గడిపి వస్తుంది. ఇటువంటి మాటలు ఓపీలో ఒక్కొక్కరికి చెబితే ఒక్క ఇంటికే చేరతాయి కనుక పుస్తకం అవసరమనిపించింది.

వరంగల్‌లో వైద్యానికీ సాహిత్యానికీ బంధుత్వం కొత్తది కాదు. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల ఉన్న ఈ ఊళ్లోనే, రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ప్రజాకవి కాళోజీ నారాయణరావు పేరు పెట్టారు. 2002లో ఆయన కన్నుమూసిన తర్వాత పార్థివ దేహాన్ని విద్యార్థుల చదువు కోసం ఆ కళాశాలకే అప్పగించారు. ఉత్తర తెలంగాణలోనే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ డాక్టర్ కేశవరెడ్డి గొప్ప నవలలు రాశారు. విజయవాడలో డాక్టర్ సమరం దశాబ్దాలుగా ఆరోగ్య విషయాలపై పుస్తకాలు రాస్తూనే ఉన్నారు. ఈ ఇద్దరి దారులూ వేరు. నవలాకారుడు తాను చూసిన మనిషిని మార్చి, కలిపి, కొత్త మనిషిగా నిలబెట్టగలడు. ఉన్నది ఉన్నట్టు రాయవలసిన వైద్యుడికి ఆ స్వేచ్ఛ లేదు. అంకె తప్పితే రోగికి హాని, వివరం ఎక్కువైతే రోగి గుట్టు బయటపడుతుంది. అందుకే కథల పుస్తకం చక్కగా అచ్చువేసిన ముద్రణ కేంద్రం వైద్య పుస్తకాన్ని కూడా చక్కగానే వేస్తుందని నమ్మడానికి లేదు.

హనుమకొండ కేంద్రానికి రాకముందు వేరే నగరంలోని ఒక ప్రచురణ సేవా సంస్థతో మాట్లాడాను. వాళ్లు మూడు రకాల ప్యాకేజీలు చూపించారు. అట్ట వెనుక నా ఫొటో, క్లినిక్ చిరునామా, ఫోన్ నంబరు వేస్తామన్నారు. ఆవిష్కరణ సభ, వీడియో ప్రచారం కూడా ప్యాకేజీలోనే ఉన్నాయి. రాతప్రతిని ఎవరు చదువుతారని అడిగితే మాత్రం సరైన జవాబు రాలేదు. పైగా ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకు, విడిగా రుసుము అడిగారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ద్వారా ఆ సంఖ్యను రచయిత తన పేరు మీదనే ఉచితంగా పొందవచ్చు. సంస్థ పేరు మీద తీసుకుంటే ప్రచురణకర్తగా నమోదయ్యేది ఆ సంస్థే. ఈ సంగతి తెలియక డబ్బు కట్టిన వైద్యులు నాకు తెలుసు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

క్లినిక్ చిరునామా విషయం మరింత ముఖ్యం. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి ప్రవర్తన నిబంధనలు ప్రజారోగ్యం, పరిశుభ్రమైన జీవనం వంటి అంశాలపై వైద్యుడు సొంత పేరుతో సామాన్య పత్రికలకు రాయడానికి, ఉపన్యాసాలు ఇవ్వడానికి అనుమతిస్తాయి. ఆ రచన తనకు ప్రచారంగానో రోగులను రప్పించుకునే సాధనంగానో మారకూడదని కూడా చెబుతాయి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెలలో వాటిని నిలిపివేసింది. కనుక పాతవే అమల్లో ఉన్నాయి. అట్ట మీద ఫోన్ నంబరు వేసుకుంటే పుస్తకం కరపత్రంగా దిగజారుతుంది. హనుమకొండ కేంద్రంలో ఈ మాట చెప్పగానే యజమాని మారు మాట్లాడకుండా ఒప్పుకొని, వెనుక అట్ట మీద పుస్తకంలోని ఆపదల జాబితా, 108 సంఖ్య మాత్రమే వేయించారు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న వైద్యులు వీటితో పాటు తమ సర్వీసు నిబంధనలను కూడా ముందే చూసుకోవాలి.

ఇక పని తీరు. వైద్యుడి రాతప్రతి ఒక్క రూపంలో ఉండదు. కొంత ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ వెనుక రాసినది, కొంత తెల్లవారుజామున నోటుపుస్తకంలో రాసినది, కొంత నర్సంపేట నుంచి కారులో తిరిగి వస్తూ ఫోన్‌కు చెప్పి టైపు చేయించినది. ఫోన్‌కు చెప్పి టైపు చేయించే సదుపాయం మామూలు తెలుగు వాక్యాలకు బాగా పనికివస్తుంది. మందుల పేర్ల దగ్గర, కొలతల దగ్గర దాన్ని నమ్మకూడదు. ఈ కేంద్రం మూడు రకాలనూ తీసుకుంది. టైపు చేసే అమ్మాయికి తెలుగు బాగా వచ్చు. అర్థం కాని చోట ఊహించి నింపకుండా పసుపు రంగు పెట్టి వదిలేయడం ఆమెకు అలవాటు. నా రాత చదవలేని చోట్లన్నీ ఒక చీటీ మీద రాసి, రాత్రి ఓపీ అయ్యాక ఫోన్ చేసి అడిగేది. ఓపీ వేళల్లో ఒక్కసారి కూడా ఫోన్ రాలేదు. వృత్తిలో ఉన్న రచయితకు ఈ మర్యాద ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు ముద్రణ కేంద్రాల్లో నేటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పేరుగల ఫాంట్లతోనే పుస్తకాలు చేస్తున్నారు. అచ్చుకు అవి సరిపోతాయి. అయితే అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా ఒకేలా కనబడే అక్షర పద్ధతి) కావు కనుక అదే ఫైలును ఈ-బుక్‌గానో వెబ్‌లోనో పెట్టబోతే అక్షరాలన్నీ చెదిరిపోతాయి. మార్పిడి చేస్తే వత్తులు తారుమారవుతాయి. ఇంకో ప్రమాదం వైద్య పుస్తకాలకే ప్రత్యేకం. వాక్యం మధ్యలో ఇంగ్లిష్ అక్షరాలతో మిల్లీగ్రామ్ గుర్తు టైపు చేసి, ఆ వాక్యం మొత్తానికి అను ఫాంటు పెడితే, ఆ రెండు అక్షరాలు ఏవో తెలుగు అక్షరాలుగా మారిపోతాయి. అందుకే యూనికోడ్‌లో, ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో చేయమని అడిగాను. మొదట కొంచెం తటపటాయించినా చేశారు. సురవరం, మండలి, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఖర్చు సమస్య లేదు. కొలతలన్నీ తెలుగులోనే, మి.గ్రా., మై.గ్రా., మి.లీ. అని ఒకే పద్ధతిలో పెట్టించాను.

అంకెల విషయంలో ఆసుపత్రిలో మేము పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి. అరను 0.5 అని రాయాలి తప్ప సున్నా లేకుండా చుక్కతో మొదలుపెట్టకూడదు. చుక్క కనబడకపోతే అది 5 అవుతుంది. అయిదును 5.0 అని రాయకూడదు. చుక్క చెరిగితే 50 అవుతుంది. మైక్రోగ్రామ్‌ను మిల్లీగ్రామ్‌గా అచ్చువేస్తే మోతాదు వెయ్యి రెట్లు పెరుగుతుంది; థైరాయిడ్ మాత్ర మోతాదును మైక్రోగ్రాముల్లోనే చెప్పాలి. ఈ నియమాలను ఒక కాగితం మీద రాసి ఇస్తే, ఆ అమ్మాయి దాన్ని కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకుంది. ఆమె తనంతట తాను చేసిన పని మరొకటి ఉంది. అంకె ఒక వరుస చివర, కొలత తరువాతి వరుస మొదట్లో పడి విడిపోకుండా, పుస్తకమంతటా ఆ రెండింటి మధ్య విడిపోని ఖాళీని పెట్టింది. ఇంతకుముందు నేను చూసిన తెలుగు ఆరోగ్య పుస్తకాల్లో ఈ జాగ్రత్త ఎక్కడా కనబడలేదు.

అసలు పని ప్రూఫుల దగ్గర జరిగింది. ఆ కేంద్రంలో ప్రూఫులు చదివేది పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడు. అందరూ ఆయనను సారు అనే పిలుస్తారు. పాత అచ్చాఫీసుల పద్ధతిలో ఆయన ప్రూఫును పైకి చదువుతారు. టైపు చేసిన అమ్మాయి ఎదురుగా కూర్చుని మూలప్రతిలో వేలు పెట్టి చూస్తూ ఉంటుంది. వాంతులు విరేచనాల అధ్యాయం చదివే రోజు సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఓఆర్ఎస్ ప్యాకెట్ (విరేచనాలప్పుడు నీటిలో కలిపి తాగే ఉప్పు, చక్కెరల పొడి) దొరకని చోట ఇంట్లో తయారుచేసుకునే ద్రావణం గురించిన పేరా అది: శుభ్రమైన లీటరు నీటిలో చక్కెర ఆరు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, రెండూ తలగొట్టిన కొలత. సారు ఆ వాక్యం చదివి ఆగారు. "బిడ్డా, ఉప్పు ఎంతని ఉంది నీ దగ్గర?" అని అడిగారు. "అర అని ఉంది సార్." "ఈడ ఆరు అని పడ్డది." చక్కెర దగ్గరి మాట ఉప్పు దగ్గర కూడా పడింది. టైపులో ఇది అతి మామూలు పొరపాటు. అచ్చులోకి పోయి ఉంటే, ఆ పుస్తకం చూసి కలిపిన నీళ్లు తాగిన పసిపిల్లల రక్తంలో సోడియం ప్రాణాపాయమయ్యేంతగా పెరిగి ఉండేది. కంటితో చదివితే ఆ తేడా దాటిపోతుంది. చెవికి మాత్రం దొరుకుతుంది. ఆ వెంటనే సారు ఒక సలహా ఇచ్చారు: ఇటువంటి చోట అంకెనూ మాటనూ రెండూ వేయాలని. ఇప్పుడు పుస్తకంలో "అర (1/2)" అని, "ఆరు (6)" అని ఉంటుంది. ప్యాకెట్ గురించిన పేరాలో కూడా అదే పద్ధతి పాటించాం. ఆ ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కాక పూర్తి లీటరు నీటిలోనే కలపాలన్న మాటను ముదురు అక్షరాల్లో వేయించాం. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు అన్న సూత్రం, పూర్తి లీటరు పోస్తేనే నిలుస్తుంది.

పాముల రంగు పుటల దగ్గర వేరే రకం చిక్కు వచ్చింది. మన దేశంలో దొరికే పాము విషం విరుగుడు మందు నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి బొమ్మలూ రంగుల్లో, ఆర్ట్ పేపరు మీద వేయాలని అనుకున్నాం. డిజైన్ చేసే కుర్రవాడు పుట అందంగా కనబడాలని కట్లపాము ఫొటోను పక్కలకు కత్తిరించి, నడుమ భాగాన్ని పెద్దది చేశాడు. చూడటానికి నిజంగానే బాగుంది. అయితే కట్లపాము ఒంటి మీది తెల్లని పట్టీలు మెడ దగ్గర ఉండవు, ఉన్నా మసకగా ఉంటాయి. వెనక్కి పోయేకొద్దీ స్పష్టమవుతాయి. దాన్ని పోలి ఉండే, విషం లేని మరో పాముకు పట్టీలు మెడ దగ్గరి నుంచే కొట్టొచ్చినట్టు కనబడతాయి. అంటే అతను కత్తిరించి పారేసింది సరిగ్గా గుర్తుపట్టే భాగాన్నే. వివరించగానే అతను తల నుంచి తోక దాకా కనబడే ఫొటో పెట్టాడు; పుటలో ఖాళీ మిగిలినా ఒప్పుకున్నాడు. ఆ ఖాళీలో, కాటు వేసిన పామును వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దనీ, కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయవద్దనీ, కాటు పడిన కాలును లేదా చేతిని కదలకుండా ఉంచి ఆసుపత్రికి బయలుదేరాలనీ వేశాం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి గానీ వాపు గానీ ఉండదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు మాత్రమే కనబడతాయి. ఈ మాట తెలిస్తేనే ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది కనుక దానికి పుటలో పెద్ద చోటే ఇచ్చాం.

రోగి గుట్టు గురించి సారు వేసిన ఒక ప్రశ్న నాకు ఈ కేంద్రం మీద గౌరవాన్ని స్థిరపరిచింది. పురుగుమందు తాగి బతికిన ఒక రైతు ఉదంతం ఉన్న పుట అంచున ఆయన పెన్సిలుతో ఇలా రాశారు: "పేరు లేదు సరే. మండలం, పంట, పండుగ రోజు మూడూ ఉంటే ఆ ఊరివాళ్లు గుర్తుపట్టరా?" పైన చెప్పిన నిబంధనల ప్రకారం, గుర్తుపట్టే వీలున్న రోగి ఫొటోను గానీ ఉదంతాన్ని గానీ అతని అనుమతి లేకుండా ప్రచురించకూడదు. అనుమతి నేను తీసుకునే రాశాను. అనుమతి ఇచ్చినవాడికి మాత్రం ఆ పుస్తకం తన ఊరి గ్రంథాలయంలో, తన పిల్లల చేతుల్లో పడినప్పుడు ఎలా ఉంటుందో ముందే తెలియకపోవచ్చు. వైద్య పత్రికలో వచ్చే కేసు వివరాలను చదివేది వైద్యులు. మన పుస్తకాన్ని చదివేది పక్కింటివాళ్లు. మండలాన్నీ పండుగనూ తీసేశాం. హెచ్ఐవీ, మానసిక రోగాల ఉదంతాలకు 2017లో వచ్చిన రెండు చట్టాలు ఇంకా గట్టి కాపలా పెట్టాయి. వాటిని ఈ పుస్తకంలో నేను తాకలేదు. రాయదలచినవారు ఆ చట్టాలు చదివాకే కలం పట్టాలి. కేంద్రం వైపు నుంచి, రాతప్రతిని బయటివారికి చూపబోమని, పని అయ్యాక చెడిపోయిన ప్రూఫులను చించేస్తామని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. అడిగితేనే ఇచ్చారు, అడగకుండానే ఇచ్చే అలవాటు చేసుకుంటే ఇంకా బాగుంటుంది.

కాగితం, కుట్టు విషయాలు క్లుప్తంగా చెబుతాను. డెమ్మీ సైజులో ఒక ఫారానికి, అంటే అచ్చయ్యాక మడిచే ఒక పెద్ద కాగితానికి, 16 పుటలు. పుస్తకం 192 పుటలకు కుదిరితే సరిగ్గా 12 ఫారాలు. నాలుగు పుటలు పెరిగినా ఖర్చు వేరుగా పడుతుంది. ఈ లెక్క మొదట్లోనే చెప్పి, చివరి అధ్యాయాన్ని కుదించుకునే అవకాశం ఇచ్చారు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మ్యాప్‌లితో రకం కాగితం, లేత పసుపు ఛాయ, రాత్రి దీపం కింద కూడా కళ్లకు హాయిగా ఉంది. వెన్ను జిగురు అతుకు మాత్రం నాకు నచ్చలేదు. మన వేసవికి ఆ జిగురు ఎండి, పుటలు ఊడే ప్రమాదం ఉంది. పదేపదే తెరిచి చూసుకోవలసిన పుస్తకానికి దారంతో కుట్టిన బైండింగ్ కావాలి. ఆ పని వాళ్ల దగ్గర జరగదు; బయట చేయించి తెస్తారు. అందుకు అదనంగా సమయమూ డబ్బూ అయ్యాయి. తక్కువ ప్రతులు కావాలంటే డిజిటల్ ముద్రణ, ఎక్కువైతే ఆఫ్‌సెట్ మేలని వాళ్లే నిజాయితీగా చెప్పారు. పుటలను ఎక్కించి అచ్చుతీసే లోహపు ప్లేట్ల ఖర్చు ఎన్ని ప్రతులు వేసినా ఒకటే కాబట్టి, ఆఫ్‌సెట్‌లో ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది.

లోపాలు లేకపోలేదు. అన్నింటికంటే పెద్దది ఆలస్యం. పెళ్లిళ్ల ముహూర్తాలు వచ్చాయంటే పత్రికల పని మీద పడి, పుస్తకం మూలకు పోతుంది. బడులు తెరిచే జూన్‌లో డైరీల పని, ఎన్నికలు వస్తే కరపత్రాల పని. ఫలానా రోజుకు ఇస్తామన్న మాట నిలబడలేదు. ఆవిష్కరణ తేదీ ముందే పెట్టుకున్న వైద్యుడికి, ఆ రోజు ఓపీ మానుకొని అతిథులను పిలుచుకున్నవాడికి, ఇది చిన్న ఇబ్బంది కాదు. ప్రతులు చేతికి వచ్చాకే సభ పెట్టుకోవాలని నా గట్టి సలహా. రెండో ప్రూఫు దాటిన తర్వాత చేసే దిద్దుబాట్లకు పుటకు ఇంత అని తీసుకుంటారు; అది న్యాయమే. అయితే అది ఎంత అవుతుందో ముందుగా కాగితం మీద రాసి ఇవ్వరు. బిల్లులో అట్ట డిజైన్ ఖర్చును వేరుగా చూపలేదు. అట్ట కోసం మొదట తెచ్చిన నమూనాలన్నింటిలో స్టెతస్కోపే ఉంది. ఆరోగ్య పుస్తకం అంటే అదొక్కటే తోచడం మన అట్టల డిజైన్‌కు పట్టిన జబ్బు.

మరో లోపం ఈ ఒక్క కేంద్రానిదే కాదు, మన తెలుగు కాల్పనికేతర పుస్తకాలన్నింటిదీ. పుస్తకం చివర పదసూచిక చేయడం వాళ్లకు రాదు. నవలకు అది అక్కరలేదు. కొడుకు పురుగుమందు తాగి పడి ఉన్నప్పుడు తండ్రి పుస్తకం తెరిస్తే, అధ్యాయాలు తిరగేసే సమయం ఉండదు; పురుగుమందు అన్న మాట ఏ పుటలో ఉందో అకారాది క్రమంలో కనబడాలి. చివరికి సూచికను నేనే ఆదివారాలు కూర్చుని చేశాను. తెలుగు మాటను ఆ ఊళ్లవాళ్లు పిలిచే రకరకాల పేర్లతో కూడా వేశాను: వడదెబ్బ అని వెతికేవారు, ఎండదెబ్బ అని వెతికేవారు ఇద్దరూ ఒకే పుటకు చేరాలి. ఈ పనిని నేర్చుకున్న ముద్రణ కేంద్రం వరంగల్‌లో ఉంటే వైద్యులే కాదు, న్యాయవాదులూ వ్యవసాయ నిపుణులూ దాని తలుపు తడతారు.

పంపిణీ వాళ్ల బాధ్యత కాదు. కట్టలు కట్టి ఇవ్వడంతో వాళ్ల పని అయిపోతుంది. కానీ పుస్తకం అచ్చయ్యాక చేయవలసిన ఒక పనిని సారే గుర్తుచేశారు. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం, ప్రచురించిన నెల రోజుల్లోపు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. సొంతంగా ప్రచురించుకునే వైద్యుడే ప్రచురణకర్త కనుక ఆ బాధ్యత అతనిదే. ఆ ప్రతులతో పాటు, హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి కూడా ఒకటి ఇవ్వమని సారు చెప్పారు, ఇచ్చాను.

ఈ సేవ ఎవరికి తగినది అంటే, రాతప్రతి పూర్తిగా సిద్ధం చేసుకొని, తేదీ ఒత్తిడి లేకుండా, పుస్తకంలోని ప్రతి అంకెకూ తానే బాధ్యుడినని ఒప్పుకొని, ఇంకొకరి కళ్లూ చెవులూ తోడు కావాలనుకునే వైద్యుడికి. కేసు వివరాలు చెబుతాను, రాసిపెట్టండి అనేవారికి, నెల రోజుల్లో పుస్తకం కావాలనేవారికి, అమ్మకాలు కూడా మీరే చూడండి అనేవారికి ఇది తగదు. రాసే పని ఎవరూ మన బదులు చేయలేరు. ఓపీ అయ్యాక రోజూ ఒక గంట దొరికినా, ఆ గంటలో ఆ రోజు చూసిన రోగి అడిగిన ప్రశ్నకు జవాబు రాసుకుంటూ పోయినా, కొన్నాళ్లకు పుస్తకం తయారవుతుంది. ప్రశ్న రోగిది, భాష రోగిది అయినప్పుడు ఆ పుస్తకం ఆ ఊళ్లలో చదవబడుతుంది. వృత్తిలో ఉన్న వైద్యుడి పుస్తకానికి ఉండే బలం అదే. పదవీ విరమణ తర్వాత రాద్దామని వాయిదా వేసేవారికి ఆ ప్రశ్నలు అప్పుడు దొరకవు.

ఒప్పందంలో తప్పక అడగవలసినది ఒకటి మిగిలింది. అచ్చుకు పంపిన పీడీఎఫ్‌తో పాటు, మార్పులు చేసుకునే వీలున్న అసలు ఫైలు కూడా రచయితకు ఇవ్వాలి. చాలా కేంద్రాలు ఇవ్వవు. వీళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. వైద్య విషయాలకు కాలపరిమితి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది 2017లో. 2030 నాటికి పాము కాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ఆరోగ్య శాఖ జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసినది 2024లో. ఇలాంటివి మారిన ప్రతిసారీ ఆ అధ్యాయాన్ని తిరగరాయాలి. రెండో ముద్రణకు పాము కాటు అధ్యాయంలో నేను కొన్ని పేరాలే మార్చి పంపాను. మార్పు వల్ల వరుసలు జరిగి ఉంటాయి కనుక మారిన పేరాలు మాత్రమే చూస్తే చాలదని సారు పట్టుబట్టారు. ఆ ఫారం మొత్తాన్ని ఇద్దరూ మళ్లీ పైకి చదివిన తర్వాతే ప్లేటుకు పంపారు. దానికి అదనంగా డబ్బు తీసుకోలేదు.